ముఖము కానరాని వేలములు

బెంగుళూరు నగరమునకు దక్షిణమున, హోసూరు రహదారి సిల్కుబోర్డు కూడలిని దాటి ఎలక్ట్రానిక్ సిటీ దిక్కుగా సాగిపోవు త్రోవలో, ఒకప్పుడు పల్లెయై, పిదప ప్రత్యేక పురపాలక సంఘమై, 2007లో మహానగర పాలికెయందు లీనమై, 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గము తెరువబడినప్పుడు తన పేరిట ఒక స్టేషనును కూడ పొందిన బొమ్మనహళ్ళిలో, తెలుగు మాట చెవిని బడని వీధి అరుదు. అనంతపురము, చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాలనుండి వచ్చి కుట్టు కర్మాగారములలో పనిచేయు స్త్రీలును, సాఫ్ట్‌వేర్ సంస్థలలో కొలువు సంపాదించిన యువకులును, ఆ యువకులకు గదియు భోజనమును అమర్చు పీజీ హాస్టళ్ళ యజమానులును ఇచ్చట స్థిరపడియున్నారు. కొత్తగా కాపురము పెట్టినవానికి పాత లాప్‌టాప్ కావలెను. కొంత కూడబెట్టినవానికి బ్యాంకు స్వాధీనము చేసికొన్న కారు కావలెను. పదిపన్నెండేండ్లు సొంతయూరు విడిచి ఇచ్చటనే కష్టపడినవానికి రెండు పడకగదుల ఫ్లాటో, చిన్న స్థలమో కావలెను. ఈ మూడింటికిని నేడు చేతిలోని ఫోనులోనే వేలము జరుగుచున్నది. జరుగుచున్నకొలది ఒక సందేహము కూడ వినబడుచున్నది: “నేను ఒక మెట్టు పెంచిన ప్రతిసారీ వెంటనే ఇంకొకడు పెంచుతున్నాడు, వాడు నిజంగా కొనేవాడేనా, లేక అమ్మేవాడి మనిషా?”

ఈ సందేహమునకు ఆధారము కలదు, చరిత్ర కలదు, దానిని ఎరిగిన చట్టమును కలదు. అట్లని ప్రతి హెచ్చుపాటయు మోసమే యనుకొనుట న్యాయము గాదు. రెండింటిని వేరుపరచి చూడవలెనన్నచో, యంత్రము వేలమును నడుపు తీరును కొంచెము ఓపికతో పరిశీలింపవలెను.

మన దేశమున సామాన్యులకు ఈ పద్ధతిని మొదట అలవాటు చేసినవానిలో ముఖ్యమైనది 2000లో అవనీష్ బజాజ్, సువీర్ సుజాన్ అనువారు ముంబయిలో స్థాపించిన బాజీ డాట్ కామ్. 2004లో అమెరికా సంస్థయైన ఈబే దానిని సుమారు 5 కోట్ల డాలర్లకు కొని తన పేరు పెట్టినది. 2017లో ఆ భారతీయ శాఖ ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చినది. 2018 ఆగస్టు 14న మూతపడినది. దానిని కొన్న ఫ్లిప్‌కార్ట్ 2007లో పుట్టినది బొమ్మనహళ్ళికి అనతిదూరమున నున్న కోరమంగళలోనే. ఆ అంగడి మూతపడినను వేలము మాత్రము విస్తరించుచునే యున్నది. పాత నాణెములు, తపాలాబిళ్ళలు, బ్యాంకులు జప్తుచేసిన ఇండ్లు, అప్పు తీరని వాహనములు, మోటారుబండ్ల ఫ్యాన్సీ నంబర్లు, బెంగుళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ విక్రయించు మూలస్థలములు, తుదకు తిరుమల శ్రీవారికి భక్తులు సమర్పించిన తలనీలాలు, హుండీలో పడిన చేతిగడియారములు సైతము నేడు ఆన్‌లైన్ వేలమునకే వచ్చుచున్నవి.

పూర్వపు వేలములో రహస్యమునకు తావు తక్కువ. పంచాయతీ చెరువులోని చేపలకైనను, సంతలోని ఆశీలు హక్కునకైనను, దేవాలయములో కొబ్బరిచిప్పలు ప్రోగుచేసికొను హక్కునకైనను దండోరా వేయించి, నిర్ణీత దినమున పదిమందిని చేర్చి, ధరావతు కట్టించుకొని, సర్కారువారి పాట ఇంత యని చెప్పి వేలము మొదలిడుదురు. పాడువాడెవడో, వాని తండ్రి యెవడో, ఆ సొమ్ము చెల్లించు శక్తి వానికున్నదో లేదో చుట్టును నిలిచినవారందరికిని తెలియును. ఒకటోసారి, రెండోసారి అను కేక వినబడుచుండగా ఎదుటివాని ముఖము చూచి వాడింకను పెంచునా, వెనుదీయునా యని ఊహించుటకు వీలుండును. అందును మోసములు లేకపోలేదు. సరకు యజమాని బంధువు గుంపులో నిలిచి ధర పెంచుట ప్రాచీనమైన విద్యయే. కాని వాడు బంధువని గుర్తుపట్టువాడొకడు ఆ గుంపులోనే యుండెడివాడు. హైదరాబాదు శివారులోని బాలాపూర్ గణేశుని లడ్డు 1994లో 450 రూపాయలకు పోయినది, 2025లో 35 లక్షలు పలికినది. ఆ ధర మిఠాయి విలువ కాదని అందరెరుగుదురు. పాడినవాడెవడో, ఏ భక్తితో, ఏ ప్రతిష్ఠకొరకు పాడెనో కూడ ఎరుగుదురు. అందువలన ఆ పెరుగుదలను చూచి ఎవరును మోసమనరు. ధర పెరిగినంతమాత్రమున వేలమునకు దోషము తగులదు. పెంచిన చేయి ఎవరిదో తెలియనప్పుడే అనుమానమునకు త్రోవ ఏర్పడును.

యంత్రము నడుపు వేలములో కలిగిన పెద్ద మార్పు ప్రతినిధి పాట. 1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ కాలిఫోర్నియాలో స్థాపించిన ఈబే దీనిని లోకమున వ్యాపింపజేసినది. కొనదలచినవాడు తాను ఇయ్యగల గరిష్ఠ ధరను యంత్రమునకు రహస్యముగా చెప్పియుంచును. ఇతరులు పాడినప్పుడెల్ల యంత్రము అతని పక్షమున ఒక్కొక్క మెట్టు మాత్రమే పెంచుచు, ఆ హద్దు దాటువరకు అతనిని ముందు నిలుపును. కడకు గెలిచినవాడు చెల్లించునది తన హద్దు మొత్తము కాదు. తన తరువాతివాని ధరకు ఒక మెట్టు పైమాట. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం విక్రీ 1961లో ప్రకటించిన వ్యాసమున, గెలిచినవాడు రెండవవాని ధరనే చెల్లించు వేలములలో ఎవనికైనను ఉత్తమమైన మార్గము తన మనస్సులోని నిజమైన విలువను యథాతథముగా తెలుపుటయే యని నిరూపించెను. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపబడిన మూడు దినములకే ఆయన కాలధర్మము నొందుట విషాదకరమైన విషయము. ఆ సిద్ధాంతము నిర్దుష్టమైనది. అయితే దానికి మూలాధారమైన ఊహ యొకటి కలదు: రెండవ ధర చెప్పినవాడు నిజముగా కొనదలచినవాడై యుండవలెను. ఆ రెండవవాడు విక్రేత చేతిమనిషియైననాడు, క్రేత నిజాయితీతో తెలిపిన హద్దే అతనిని పట్టియిచ్చును.

ఒక లెక్కతో దీనిని స్పష్టపరుపవచ్చును. బొమ్మనహళ్ళి యువకుడొకడు పాత కెమెరాకు 20,000 రూపాయలు తన హద్దుగా చెప్పియుంచెననుకొందము. మరియొక నిజమైన క్రేత 12,500 వరకు మాత్రమే రాగలిగెను. మెట్టు 500 రూపాయలు. వేరెవరును లేనిచో కెమెరా 13,000కు యువకునికి దక్కవలెను. ఇప్పుడు విక్రేత తన బావమరిది పేరిట తెరచిన ఖాతానుండి 14,000 పాడించును. యంత్రము యువకుని పక్షమున 14,500 చూపును. మరల 16,000 పాడించును, 16,500 అగును. 18,000 పాడించిన 18,500, 19,000 పాడించిన 19,500. అచ్చట ఆ ఖాతా మౌనము వహించును. యువకుడు గెలిచితినని సంతోషించి 19,500 చెల్లించును. అందులో 6,500 రూపాయలు లేని పోటీకి కట్టిన సుంకము. ఒకవేళ ఆ దొంగపాట హద్దు మీరి 20,500కు చేరి తానే గెలిచెననుకొందము. అప్పుడును విక్రేతకు నష్టము లేదు. రెండు దినముల పిదప యువకునికి సందేశము వచ్చును: గెలిచినవారు సొమ్ము కట్టలేదు, తమరికి సమ్మతమైనచో తమరు పాడిన 20,000కే ఇచ్చెదమని. నిజముగా సొమ్ము కట్టనివారును లోకమున నున్నారు గనుక ఈ సందేశమొక్కటే మోసమునకు సాక్ష్యము కాజాలదు. గెలిచిన ఖాతా నిన్నమొన్న తెరచినదై, ఆ విక్రేత సరకు తప్ప మరి దేనికిని పాడనిదైనచో మాత్రము అనుమానింపక తప్పదు.

ఇది ఊహామాత్రము కాదనుటకు 2000 సంవత్సరము మే నెలలో ఈబేలో జరిగిన చిత్రపటపు వేలము సాక్షి. పాతసామాను అమ్మకములో దొరికినదని చెప్పి, పిల్లవాని మూడుచక్రముల బండి తగిలి చిల్లు పడినదని కూడ ఒక ముచ్చట చేర్చి, శాక్రమెంటో నగరపు న్యాయవాది యొకడు 25 సెంట్ల ప్రారంభధరతో ఒక చిత్రమును వేలమునకు పెట్టెను. కాలిఫోర్నియాలో ప్రసిద్ధుడైన చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ పొడియక్షరములను తలపించు సంతకము దానిపై కనబడుచుండెను. విక్రేత మాత్రము ఆ పేరు నెత్తలేదు. చూచినవారు తామే కనిపెట్టితిమనుకొని ఎగబడగా ధర 1,35,805 డాలర్లకు చేరెను. పత్రికలలో వార్త వచ్చిన పిమ్మట విక్రేతయే వేరొక ఖాతాతో పాడెనని తేలి ఈబే ఆ అమ్మకమును రద్దుచేసినది. 2001 మార్చిలో అతనిపైనను, అతని ఇద్దరు సహచరులపైనను అభియోగము మోపబడెను. నలుబదికి మించిన మారుపేర్లతో వందలాది వేలములలో ఒకరి సరకునకు ఒకరు ధర పెంచుకొనిరని ఆ అభియోగ సారాంశము. ఇందులో నాకు మిక్కిలి ఆలోచింపదగినదిగా తోచునది ఆ మొత్తము కాదు. దొంగపాట చేసిన పని ధర పెంచుటతో ఆగలేదు. ఇందరు పోటీపడుచున్నారు గనుక ఇది అసలైనదే యని తక్కినవారిని నమ్మించినది. వేలములో ఒకని పాట మరియొకనికి సమాచారము. వస్తువు విలువ నిశ్చయముగా తెలియని చోట్ల, అనగా పాత నాణెము, చిత్రము, దూరమున నున్న స్థలము వంటివానిలో, మనము ఇతరుల పాటలను చూచియే విలువ కట్టుదుము. దొంగపాట ఆ కొలబద్దనే వక్రపరచును.

అయినను ధర మించిన ప్రతిచోటను దొంగపాటను వెదకుట పొరపాటు. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అను ముగ్గురు ఇంజనీర్లు మెక్సికో సింధుశాఖలోని చమురు క్షేత్రములను వేలములో దక్కించుకొన్న సంస్థలకు ఆశించిన లాభము ఏల రాలేదో విచారించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఒకే క్షేత్రమునకు పదిమంది పది అంచనాలు వేయుదురు. అందులో కొన్ని తక్కువగాను కొన్ని ఎక్కువగాను ఉండును. వేలములో గెలుచువాడు సహజముగా అందరికంటె ఎక్కువ అంచనా వేసినవాడే, అనగా అందరికంటె ఎక్కువగా పొరబడినవాడు కావచ్చును. ఇందులో మోసగాడు లేడు, కుట్ర లేదు. గెలుపులోనే నష్టము దాగియున్నది. ఈ దృష్టితో చూచినప్పుడు, ఎంతో ఆశతో ఫ్లాటును గెలిచి, పిదప ఇరుగుపొరుగు ధరలు విని కుమిలిపోవు గృహస్థునకు అన్యాయము చేసినది కొన్నిసార్లు ఎదుటి పాటదారుడు గాక తన అంచనాయే. అంతేకాదు, ప్రతినిధి పాట మర్మము తెలియని కొత్తవారు తమ హద్దు ఒక్కసారిగా చెప్పక, ఓడిపోయితిరను సూచన వచ్చినప్పుడెల్ల ఒక్కొక్క మెట్టు పెంచుచు గంటలో పదిసార్లు పాడుచుందురు. బయటనుండి చూచువానికి ఇది అచ్చముగా దొంగపాట వలెనే కనిపించును. పాపము, వారు మనవంటి క్రేతలే.

మరి భేదము నెరుగుట యెట్లు? ఒక్క వేలమును చూచి చెప్పుట దుస్సాధ్యము. అదే విక్రేత నడిపిన పది వేలముల చరిత్రను కలిపి చూడవలెను. ఒకే ఖాతా అన్నింటిలోను పాల్గొని ఒక్కదానిలోను గెలువకుండుట, నిజముగా కొనువారు కడపటి నిమిషములకు తమ పాటను దాచుకొనుచుండగా ఈ ఖాతా మాత్రము తొలినాళ్ళలోనే ధరను పైకి త్రోసి తొలగుట, ఒక పెద్ద పాట పాడి ఎదుటివాని హద్దు కనుగొని “సున్న ఎక్కువ పడినది” అను వంకతో దానిని ఉపసంహరించుకొని మరల ఆ హద్దుకు ఒక్క మెట్టు క్రింద పాడుట, అమ్ముడైనదన్న వస్తువే రెండు వారములలో మరల వేలమునకు వచ్చుట, ఇవియన్నియు ఒకేచోట కూడినప్పుడు సందేహము నిశ్చయమునకు చేరువ అగును. ఉపసంహరించిన పాటల సంఖ్యను, ఒక్క విక్రేతపైననే పాడిన శాతమును ఈబే తన పాటల చరిత్రలో చూపుట మంచి సంప్రదాయము.

ఈ సందర్భమున ఒక విషయమున నా అభిప్రాయమును నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. 2006 తరువాత ఈబే పాటదారుల పేర్లను మరుగుపరచి, రెండు అక్షరముల నడుమ చుక్కలు చూపు పద్ధతికి మారినది. ఓడిన పాటదారులకు మోసగాండ్రు నకిలీ సందేశములు పంపి సొమ్ము లాగుచుండుటచే వారి రక్షణకై అట్లు చేసితిమని ఆ సంస్థ చెప్పిన కారణము అసత్యము కాదు. మన దేశపు బ్యాంకు వేలములలోను పాటదారుని పేరు కనిపింపదు. కుమ్మక్కును, బెదిరింపులను నివారించుటకు అది అవసరమే. కాని పేరును దాచుట వేరు, ప్రవర్తనను దాచుట వేరు. మనిషి ఎవరో చెప్పనక్కరలేదు. ఆ మనిషి ఈ విక్రేత వేలములలో ఎన్నిమార్లు పాడెను, ఎన్నిమార్లు గెలిచెను, గెలిచినప్పుడు సొమ్ము కట్టెనా, ఎన్నిమార్లు పాటను ఉపసంహరించుకొనెను అనునవి మాత్రము ఎదుటి పాటదారునికి తెలిసి తీరవలెను. ఆ లెక్కలన్నియు నిర్వాహక సంస్థ యంత్రములో క్షణములతో సహా నమోదై యున్నవి. ధర పెరిగినకొలది కమీషను పెరుగు సంస్థ చేతిలోనే ఆ లెక్కలు తాళము వేయబడి యుండుట ధర్మము కాదు.

నిజాయితీపరుడైన క్రేతకు కూడ ఎత్తుగడలు కలవు. అందులో ప్రసిద్ధమైనది గడువు ముగియుటకు కొన్ని సెకండ్ల ముందు మాత్రమే తన పాట పాడుట. దీనిని అనేకులు అన్యాయమని నిందించుదురు, నేనట్లు భావింపను. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2002లో ఈబే వేలములను, ఆనాడు అమెజాన్ నడుపుచుండిన వేలములతో పోల్చి చూచిరి. ఈబేలో గడువు స్థిరము. అమెజానులో కడపటి పది నిమిషములలో ఎవరు పాడినను గడువు మరల పొడిగింపబడుచుండెను. కడపటి క్షణపు పాటలు ఈబేలో అత్యధికముగాను, అమెజానులో స్వల్పముగాను కనబడెను. అనుభవము పెరిగినకొలది ఈబే క్రేతలు మరింత ఆలస్యముగా పాడుట నేర్చుకొనిరి. ఆలస్యము చేసిన క్రేత తన హద్దును తడిమి చూచుటకు దొంగపాటకు వ్యవధి యియ్యడు. తన ఆసక్తిని చూచి ఇతరులు విలువ కట్టుకొనుటకును అవకాశమియ్యడు. ఇది వాని ఆత్మరక్షణ. ఇక గుండు సంఖ్యకు రూపాయో రెండు రూపాయలో చేర్చి పాడుట మరియొక నేర్పు. 2024 ఆగస్టులో హైదరాబాదు రవాణా కార్యాలయపు ఆన్‌లైన్ వేలములో ‘టీజీ 09 9999’ అను నంబరు 25,50,002 రూపాయలకు పోయినది. ఆ కడపటి రెండు రూపాయలలో పాటదారుని ఆలోచన యంతయు కనిపించును: సరిగా ఇరువదియైదున్నర లక్షలే పాడినవాడు మరియొకడున్నచో వానిని దాటుటకు రెండు రూపాయలు చాలును.

ఇవిగాక, పాడుటకే రుసుము వసూలు చేయు వేలములు కొన్ని లోకమున బయలుదేరినవి. జర్మనీలో 2005లో టెలెబిడ్ పేరిట పుట్టి, స్వూపో అను పేర వ్యాపించి, 2011లో దివాలా తీసిన సంస్థ వీనికి మాతృక. గెలిచినవాని ధర చౌకగా కనబడును. ఓడినవారందరును పాట పాటకు కట్టిన రుసుముల మొత్తము మాత్రము ఎవరికిని కనబడదు. వీని జోలికి పోకుండుట మేలు. ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఇంతవరకు క్రేత భయమును గురించి చెప్పితిని. విక్రేతకును భయము కలదు, అది దీనికి విలోమము. పొగాకు బోర్డు 1984లో కర్ణాటకలోను, మరుసటి ఏడు ఆంధ్రదేశములోను వేలము వేదికలను ప్రారంభించినది. తరువాత ఆ వేలములును ఎలక్ట్రానిక్ యంత్రములపైకి వచ్చినవి. ఒంగోలు, కొండపి, టంగుటూరు ప్రాంతముల రైతులు ఏటేటా వెలిబుచ్చు ఆవేదన యేమనగా, వ్యాపారులు ముందుగనే ఒకమాట యనుకొని ధర పెరుగనీయరనియు, నచ్చని బేళ్ళను నోబిడ్ చేసి వెనుకకు పంపుదురనియును. అచ్చట పోటీ లేకయే పోటీ యున్నట్లు కనబడుట రైతును ముంచుచున్నది. ఇచ్చట లేని పోటీని కల్పించుట క్రేతను ముంచుచున్నది. చట్టము కూడ ఈ రెండింటిని వేర్వేరు చోట్ల నిషేధించినది. వ్యాపారులు కూడబలుకుకొని వేలమును వంచుటను 2002 నాటి పోటీ చట్టము 3వ విభాగము ఖండించుచున్నది.

స్థలముల వేలములో ఈ వ్యవహారము మరింత గహనమగును. 2023 ఆగస్టు 3న హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ కోకాపేట నియోపోలిస్‌లో 45.33 ఎకరములను ఆన్‌లైన్ వేలము వేయగా, ఎకరమునకు 35 కోట్ల కనీస ధరతో మొదలై, ఒక ఖండము ఎకరము 100.75 కోట్లు పలికినది, మొత్తము 3,319.60 కోట్లు వచ్చినది. ఆ వేలములో పాడినవారు ధరావతు కట్టినవారు, సొమ్ము చెల్లింపవలసినవారు. వారిపై నేను ఏ దోషమును ఆరోపింపను. కాని ఇట్టి అంకె పత్రికలకెక్కిన మరునాడే ఆ పరిసరములలోని ప్రతి స్థలయజమానియు దానినే కొలతగా చూపి తన ధరను సవరించుకొనుట మనమెల్లరము చూచుచున్నదే. వేలమునాడు పలికిన ధర ఒక్క క్రేతకు సంబంధించినది. దాని భారము ఆ వైపు ఇల్లు కట్టుకొనదలచిన వేలాది కుటుంబములపై పడును. బొమ్మనహళ్ళిని ఆనుకొనియున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ప్రాధికార సంస్థ మూలస్థలమునకు వచ్చిన ధర కూడ అట్లే పక్కవీధి అద్దెలవరకు ప్రాకును.

అందుచేతనే పాడినవాడు నిజముగా కట్టునా అను ప్రశ్న కీలకమైనది. 2025 నవంబరులో హర్యానాలో ‘హెచ్‌ఆర్ 88 బి 8888’ అను బండి నంబరునకు 50,000 రూపాయల కనీస ధరపై జరిగిన ఆన్‌లైన్ వేలములో పాట 1.17 కోట్లకు చేరి దేశమంతట వార్తయైనది. గడువులోగా ఆ పాటదారుడు సొమ్ము చెల్లింపలేదు, నంబరును మరల వేలమునకు పెట్టవలసివచ్చినది. పోగొట్టుకొనునది స్వల్పమైనచో ఎవడైనను ఎంతైనను పాడగలడు. బ్యాంకులు తాకట్టు ఆస్తులను విక్రయించు సర్ఫేసీ చట్టపు 2002 నాటి నియమములు ఈ విషయమున చాల గట్టివి: గెలిచినవాడు ఆ దినమే గాని, మరుసటి పనిదినముననే గాని ధరలో 25 శాతము కట్టవలెను, అమ్మకము ధ్రువపడిన 15 దినములలో శేషము చెల్లింపవలెను, తప్పినచో కట్టినది జప్తు అగును. ఈ కాఠిన్యము నిజమైన క్రేతకు కష్టమనిపించినను దొంగపాటకు అదియే పెద్ద అడ్డు. బ్యాంకు ఋణమును నమ్ముకొని ఫ్లాటు పాడువారు మాత్రము పాటకు ముందే ఋణమంజూరును నిశ్చయపరచుకొనవలెను. పదునైదు దినములు గడచుట ఎంతసేపు? అపార్టుమెంటు బకాయిలు, ఆస్తిపన్ను, లోపల కాపురమున్నవారి సంగతి ఇవన్నియు చూచిన పిదపనే తన హద్దు కాగితముపై వ్రాసికొనవలెను. పాట వేడిలో ఆ కాగితమును సవరింపరాదు. గడువు ఐదేసి నిమిషములు పొడిగింపబడు ఈ వేలములలో కడపటి క్షణపు ఎత్తుగడ పనికిరాదు గనుక ఆ కాగితమొక్కటే క్రేతకు అండ.

ఇక చట్టము మాట. దొంగపాటను నిషేధించుటకు కొత్త శాసనము కావలెనని పలువురు తలతురు. 1930 నాటి వస్తువిక్రయ చట్టములోని 64వ విభాగము ఈ పని ఏనాడో చేసియున్నది. విక్రేత తాను పాడు హక్కును ముందుగా బహిరంగముగా ప్రకటించి నిలుపుకొననిచో తాను గాని, తన తరపున ఇతరులు గాని పాడరాదు. పాడించినచో క్రేత దానిని మోసముగా పరిగణింపవచ్చును. ధర పెంచుటకై బూటకపు పాటలు వాడిన అమ్మకమును రద్దుపరచుకొను హక్కు క్రేతకు కలదు. ఇది చరవస్తువులకు వర్తించునది. 2020 నాటి ఈ-కామర్స్ నియమములు అక్రమ లాభమునకై ధరలను వంచుటను నిషేధించుటయే గాక, ఫిర్యాదును 48 గంటలలో స్వీకరించినట్లు తెలిపి నెలలోగా పరిష్కరింపవలెనని సంస్థలను ఆదేశించుచున్నవి. స్థలముల విషయమున మాత్రము ఒక మెలిక కలదు: ఉన్నది ఉన్నట్లుగా బహిరంగ వేలములో స్థలమును కొన్నవాడు వినియోగదారుడు కాడని సుప్రీంకోర్టు 2009లో చండీగఢ్ స్థలముల వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కావున ప్రాధికార సంస్థ స్థలమును పాడినవాడు వినియోగదారుల కమిషనును ఆశ్రయించి ప్రయోజనము లేదు. బ్యాంకు అమ్మకముపై అభ్యంతరమున్నవాడు ఋణ వసూలు ట్రిబ్యునలునకు పోవలసియుండును.

పాత కెమెరా కొన్న మన యువకునికి 64వ విభాగము పూర్తిగా అక్కరకు వచ్చును. అయితే ఆ పాట బూటకమని నిరూపింపవలసినవాడు అతడే. నిరూపించుటకు కావలసిన సాక్ష్యము, అనగా విక్రేత ఖాతాయు, ధర పెంచిన ఖాతాయు ఒకే ఫోనునుండి నడచెనా, ఒకే బ్యాంకు ఖాతాకు ముడిపడి యున్నవా, గడచిన ఏడాదిలో ఎన్నిమార్లు ఒకదానికొకటి పాడుకొన్నవి అను లెక్క, వేలము నడిపిన సంస్థ వద్ద తప్ప మరెచ్చటను లేదు. క్రేత తన వంతుగా పాటల చరిత్ర చిత్రమును, వచ్చిన సందేశములను భద్రపరచి, వస్తువు చేతికి వచ్చిన పిదప తాత్సారము చేయక వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. ఆలసించినకొలది రద్దుపరచు హక్కు బలహీనపడును. సంస్థ మాత్రము ఆ లెక్కలు తమ ఆంతరంగికములని చెప్పి తప్పించుకొనుటకు నేటి నియమములు చోటిచ్చుచున్నవి. ఫిర్యాదు అందిన నెలలోగా, పేర్లు మరుగుపరచియైనను సరే, ఆ వేలపు పూర్తి పాటల పట్టీని ఫిర్యాదికి ఇయ్యవలెనని ఒక్క వాక్యము 2020 నాటి నియమములకు చేర్చినచో 1930 నాటి చట్టము బొమ్మనహళ్ళి యువకుని చేతికి నిజముగా అందగలదు.